జేబులో చేతులు

కొత్తనూరులో కరెంటు పోయిన ఆదివారం.
నేను సంగటి కెలుకుతాండాను.
మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని
మొన్ననే పద్నాలుగు నిండిన పిల్లోణ్ణి పిలిచినాడు.
"తాబే, కూర్చో. నీతో మాట్లాడల్ల."

ఈ మాటలు ఆయనకు వాళ్ళ నాయన చెప్పలేదు.
మామ్ఫేలో చెప్పే అవసరమే పడలేదు,
ఊరంతా ఆయన మాదిరే ఉండె.
చదువుకోను బెంగుళూరు వచ్చినాక
ఇరవై ఏండ్లు, ఒక్కో బస్టాపులో ఒక్కోటి
తనే నేర్చుకున్నాడు.

అంగట్లోకి పోతే జేబులో చేతులు పెట్టొద్దు.
గేటు దాటేదాకా బిల్లు పారెయ్యొద్దు.
చీకటి పడినాక పరిగెత్తొద్దు,
బస్సు తప్పిపోతాన్నా సరే, ఇంకోటి వస్తాది.
పోలీసాయన నిలబెడితే
మొదటి మాటే కన్నడంలో రావల్ల.
కోపం ఇంటికి తెచ్చుకో,
ఇంట్లో ఎంతైనా అరువు.

పిల్లోడు బంతిని కాలికింద
ముందుకూ వెనక్కూ దొర్లిస్తాండాడు.
నేను కెలికేది ఆపలేదు.
ఆపితే ఉండలు కడతాది.

వాళ్ళ నాయనతో వాడెప్పుడూ ఇంగ్లీషే.
ఆ పొద్దు మాత్రం నా పక్క తిరిగి
ఆయనకు సగమే వచ్చిన తెలుగులో చెప్పినాడు.

"అమ్మా, ఇవన్నీ నాకెప్పుడో తెలుసు.
బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటాది.
అందుకే నేను నిలబడే వస్తా,
ఇద్దరు ముసలోళ్ళన్నా కూర్చుంటారని.
లిఫ్టు కాడ ఆంటీ వెనక్కి తగ్గితే
లేసు ఊడినట్టు వంగి కట్టుకుంటా,
ఆమె ఎక్కి పోతాది, సిగ్గుపడే పని లేకుండా.
మొన్న స్కూల్లో మీటింగప్పుడు
వెనక బెంచీలో ఎవరో నాయన్ను ఒక మాటన్నారు.
ఆయనకు వినపడకూడదని
నా కుర్చీ బర్రుమని ఈడ్చినా.
మిస్ తిట్టింది చూడు, అందుకే."

గరిటె చేతిలోనే ఉండాది.
పొయ్యి ఎప్పుడు కట్టేసినానో తెలీదు.

పలమనేరులో మా చెల్లెలి పెండ్లికి
వీడు నా ఒళ్ళో ఉంటే మా పెద్దమ్మ అనింది,
కాకిపిల్ల కాకికి ముద్దు అని.
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.
అంటే ఏందమ్మా అని అడిగితే
కాకమ్మకు దాని బిడ్డంటే చానా ఇష్టం అని చెప్పినాను.
అబద్ధం కాదు.
సగం.
వీడు కడుపులో ఉన్నప్పుడు
మా అమ్మ కుంకుమపువ్వు వేసిన పాలు పంపేది.
ఎందుకో నాకు తెలుసు.
అడుగు దాకా తాగినాను.

వాళ్ళ నాయనకు అన్నింట్లో రెండు మాటలే అందినాయి,
మీటింగు, కుర్చీ.
చానాసేపు నేల చూసినాడు.
"ఆ కుర్చీ అందుకా ఈడ్చినావు" అన్నాడు.
"లేటు చేసినావురా. నాకు ముందే వినపడింది."

ఇద్దరూ ఒకేసారి నవ్వినారు,
పట్టుబడిన దొంగల మాదిరి.
ఆ నవ్వులోకి పోవడానికి
నాకు దోవ కనపళ్ళేదు.
సంగటి ఉండలు కట్టే ఉండింది.
ఎవురూ ఏమీ అనకుండా తిన్నారు.
చిన్నది మాత్రం ఒక్కో ఉండా ఏరి
తట్ట అంచున పెట్టింది.
దానికి ఇంకా తొమ్మిదే.
దానికి ఎవరు చెప్పల్ల, ఏ బాసలో,
ఆ పొద్దు ఎవురం అడగలేదు.

సాయంత్రం గుడ్లకని తాబేను పంపించి
బాల్కనీలో నిలబడినాను.
వాన పడి ఆగినట్టుండాది, చలి.
చేతులు రెండూ బయటే వేలాడేసుకొని పోతాండాడు.
వీధి మలుపులో చీకటి కాడ
ఏమనిపించిందో, పరుగు తీసినాడు
కాళ్ళు తనవే అన్నట్టు.
అంగడి లైటు మీద పడంగానే
నడిచినాడు.