తరుగు పట్టిక

మిర్యాలగూడల అద్దంకి రోడ్డు మీద
మూడో మిల్లు ముంగటి కాంటా నాది.
అరవై టన్నుల ఇనుప పలక,
అద్దాల గది, ఎర్ర అంకెలు,
ఒక్క ఫ్యాను, అదీ యాదికొచ్చినప్పుడు తిరుగుతది.

పన్నెండు దాటితే
లారీకీ లారీకీ నడుమ
ఫోన్ల పత్తాలు పంచుకుంట.
పైసల్లేవు, ఉత్త కాయిన్లు.
ఐదు ముక్కలొస్తయి.
ఉంచేటివి ఉంచాలె, పారేసేటివి పారెయ్యాలె,
ఒక్కటే మాటు.
మా నాయన మూడు ముక్కల్ల ఎడ్లను పోగొట్టిండు.
నేను లెక్కతోటి ఆడుత.

ఆడకముందు పట్టిక సూడాలె.
అన్ని వరసలు అక్కర్లేదు, రెండే.
ఫుల్‌హౌసుకు తొమ్మిది, ఫ్లష్‌కు ఆరు ఇస్తనంటె
కూసో.
ఎనిమిది, ఐదు అని ఉంటె
చెప్పులేసుకో.
మొదటిదాన్ల తప్పు లేకుంట ఆడితే
క్వింటాలుకు తరుగు నాలుగువందల అరవై గ్రాములు.
రెండోదాన్ల రెండు కిలోల ఏడువందలు.
దొంగే కావచ్చు,
గని తన తరుగు తన నొసట రాసుకొని కూసుంటడు.

దామరచర్ల దిక్కు తండా నుంచి
రమావత్ హర్యా, ట్రాక్టరు వడ్లతోటి
సాయంత్రం నుంచి లైన్ల ఉన్నడు.
కిటికీల మొకం పెట్టి సూస్తున్నడు.
చెప్పిన:
చిన్నదైనా సరే జోడి దొరికితే ఉంచు.
పక్కన ఆసు మెరుస్తది, నమ్మకు, పారెయ్యి.
ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది వచ్చినయనుకో,
నడుమ పన్ను ఊడిన వరస అది,
ఏడు కోసం ఆశపడొద్దు.
రాయల్‌కు నాలుగు పడితే మాత్రం
గులాముల జోడినైనా ఇరగ్గొట్టాలె.

"చేతిల ఉన్నదాన్నా?"
"ఉన్నదాన్నే."

ట్రాక్టరు దిక్కు ఒకపారి మర్రి సూసిండు.
"మరి మీ మిల్లు పట్టిక యాడున్నది?"

గోడ దిక్కు సూసిన.
ఎరువుల కంపెనీ క్యాలెండరు,
పెద్దసేటు ఫోటో, దానెనుక బల్లి తోక.

తేమ మిషన్ల పదిహేడొచ్చింది.
లోపలి నుంచి గుమస్తా ఫోను:
"ఐదు కొట్టు."
హర్యా వేళ్లు మడిచిండు.
మళ్లుకపోతే డీజిలు,
ఆరబోస్తే హమాలీలు, టార్పాలిన్ కిరాయి,
రెండు దినాలు ఎండ గావాలె,
కృష్ణ దిక్కు మొగులు చూస్తే అట్లున్నది.
"నాది గూడ పన్ను ఊడిన వరసేనే" అన్నడు.
"కొట్టు."

కొట్టిన.
చీటి మీద ఒట్టి నికరమే అచ్చయితది.
తరుగుకు గడి లేదు.

బండి ఖాళీ చేసి వచ్చేదాక
ఇంకో చెయ్యి పంచుకున్న.
ఇస్పేటు ఆసు, రాజు, రాణి, గులాం,
ఐదోది కళావర్ గులాం.
హర్యా మళ్ల కిటికీకాడికొచ్చిండు.
ఊపిరి నా చెవుల తగులుతున్నది.
కళావర్‌ది పారేసిన.
డైమన్ ఏడొచ్చింది.

"సరిగ్గనే ఆడినవా?"
"సరిగ్గనే."
"మరేం రాలేదు?"
"సరిగ్గ ఆడుడు వేరే, వచ్చుడు వేరే."

నవ్విండు, పండ్లన్ని కనవడేటట్టు.
"గది నాకు నేర్పుతున్నవా
అద్దాల గదిల కూసోని?"

ట్రాక్టరు ఎర్రలైటు రోడ్డెక్కింది.
కాంటా సున్నకు రాలేదు,
ఇరవై కిలోల కాడ ఆగింది.
టైర్ల మట్టి కావచ్చు.
చీపురు పట్టుకొని బయటికొచ్చి
చానసేపు ఊడ్చిన.