పలుపు

గూడూరు ఆసుపత్రిలో నాకిచ్చిన గది
ఒకప్పుడు సెలైన్ సీసాల గోదాము.
కిటికీ ఒకటే. కుర్చీలు రెండు.
తలుపు మీద "మానసిక" దాకా రాసి
పెయింటరు టీకి వెళ్లాడు, తిరిగి రాలేదు.

చెంగయ్య ఆ గుమ్మంలో
చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.
సైదాపురం అవతల అభ్రకం గనిలో
ఇరవై రెండేళ్లు దిగి ఎక్కిన మనిషి.
గని మూతపడి ముప్పై ఏళ్లు.
ఇప్పుడు రోజూ రాత్రి దిగుతున్నాడు.

"నిచ్చెన అదే మేడమా. మెట్లే పెరిగినాయి.
అడుగున నీళ్లు. నీళ్లలో గొంతు దాకా ఎనుము.
దాని కళ్లు కాకిబంగారం.
నా పలుపేది అని అడగతా ఉండాది."

నేను చదువుకున్నదాన్ని.
కాయితం మీద "మహిషం" అని రాశాను.
పక్కన యముడి వాహనం,
అమ్మవారి కాలి కింద విరిగిన మెడ,
పాతాళం, నీరు, తల్లి, నీడ.
బాణం గుర్తులతో అన్నిటినీ కలిపాను.
చాలా అందంగా వచ్చింది పటం.
అందులో చెంగయ్య ఎక్కడా లేడు.

కలను గీసుకు రమ్మని రంగు పెన్సిళ్లిస్తే
వాటిని మనవడికిచ్చి
మరుసటి మంగళవారం
జేబులోంచి అరచేయంత అభ్రకం పలక తీశాడు.
మేకుతో గీశాడు దాని మీద.
"మా ఆమె పొరలు తీసేది మేడమా.
ఎండకు పట్టి చూసి, మచ్చుంటే పక్కన పడేసేది.
ఇది మచ్చది. అందుకే నాకు మిగిలింది."

కిటికీకి ఎత్తి పట్టుకున్నాను.
ఎనుము కడుపులోంచి
ఆటోలు, ఎండ, చీటీల వరస కనిపించాయి.
కొమ్ములు వంకర. చెవి ఒకటే.

"రెండో చెవి?"
"కుక్క కొరికింది, దూడప్పుడు."

మహిషానికి దూడతనం ఉండదు.
పెన్ను మూశాను.

గని మూసిన ఏడు, కూలి బాకీలు రాని ఏడు,
నాయుడుపేట దాకా నడిపించుకుపోయి
కోతకు అమ్మేశాడు దాన్ని.
ఇంటికొచ్చి, తప్పిపోయిందన్నాడు.
మస్తానమ్మ మూడు నెలలు వెతికింది
నిమ్మతోటల్లో, గనిగుంటల గట్లమీద,
పొద్దుగూకే వేళ పలుపు చేతిలో పట్టుకుని
పేరు పెట్టి పిలుస్తూ.

"అమ్మినందుకు కాదు మేడమా.
ఆమె ఎనక నడస్తా
నేను గూడా పిలిచినా."

పోయినేడు మస్తానమ్మ పోయింది.
దూలానికి వేలాడుతున్న పలుపును
ఎవరూ చూడకుండా చితిలోకి విసిరాడు.

నేను ఏమీ అనలేదు.
కొన్నిసార్లు అర్థం చెప్పడం కూడా
తప్పిపోయిందని చెప్పడం లాంటిదే.

ఆ ఆషాఢం, శ్రావణం
కిటికీ కింద గొంతుక్కూర్చుని
గోగునార పేనాడు.
మూడు పోగులు, కాస్త ఉమ్మి, తొడ మీద అరచేయి.
మాట్లాడిన మంగళవారం జానెడు.
మాట్లాడని మంగళవారం మూరెడు.
ఊడ్చే పెంచలమ్మ నార తుక్కు చూసి
ఇది ఆసుపత్రా, పశువుల కొట్టమా అని తిట్టింది.

"ఇచ్చినా మేడమా. రాత్రి ఇచ్చినా."
"పైకొచ్చిందా?"
"రాలే. నిచ్చెన ఎక్కేది ఎనుము వల్లవతదా?
మెడ చాపింది. కట్టినా.
రెండో కొస పట్టుకొని
తెల్లారిందాకా ఆడే కూచున్నా.
నీళ్లు సల్లగా ఉండాయి."

చికిత్స అన్న గడిలో
"పలుపు" అని రాసి, కొట్టేసి,
మాత్రలిచ్చే డాక్టరుకు తెలిసే మాట ఒకటి రాశాను.

పలక నా సొరుగులోనే ఉంది.
మధ్యాహ్నం చీటీలు అయిపోయాక
ఒక్కోరోజు ఎండకు పడతాను.
చెంగయ్య ఎనుము కనిపించదప్పుడు.
నేను తప్పిపోయిందని చెప్పింది ఒకటి,
రెండు చెవులూ సరిగ్గా ఉన్నదే,
అటు తిరిగి నిలబడి ఉంటుంది.
ఇంకా ఏమీ అడగలేదు.