ముందు కాగితం

కాశీబుగ్గ బస్టాండు వెనక మెట్లెక్కితే
రెండు కుర్చీలు, ఒక అద్దం, నేను.
కింద టైర్ల కొట్టు. పంక్చరు వేసినప్పుడల్లా
రబ్బరు వాసన పైకొచ్చి
నా క్రీము డబ్బాలతో తగువు పెట్టుకుంటుంది.

తవిటమ్మ చెప్పులు కింద మెట్టు మీదే విడిచొచ్చింది.
కొంగుముడి విప్పి ముందు డబ్బులు చూపించింది,
"ఉత్తినే అడిగీసి పోడానికి రాలేదే అమ్మీ" అని.
తర్వాత ఫోన్లో ఎవరిదో ఫొటో.
వెంట్రుక పక్కన వెంట్రుక గీసిన కనుబొమలు,
తడిదువ్వెన ఇప్పుడే తీసినట్టు.
"ఇలాగే. ఎంట్రుక ఎంట్రుకా అగుపించాల."

ఇరవైరెండేళ్లు పలాస జీడి బట్టీలో.
ఓనాడు పెనంలో పిక్క చిట్లి నూనె ఎగిరింది.
కన్ను తప్పించుకుంది,
ఎడమ కనుబొమ తప్పించుకోలేదు.
కుడిది ఉన్నట్టే ఉండి
తోక దగ్గర మానేసింది,
ఆరో తరగతిలో బడి మానేసినట్టు.

నేను విశాఖలో పదకొండు రోజులు నేర్చుకున్నాను.
పన్నెండో రోజు సర్టిఫికెట్టిచ్చారు.
అందులో లేనిది
నేను పాడుచేసిన మొదటి మొహం నేర్పింది:
ఏది కావాలో మనిషి చెప్తుంది,
ఏది నిలుస్తుందో చర్మం చెప్తుంది.

అందుకే ముందు కాగితం.
మొహం కడిగించి, ఏమీ రాయకుండా
గంటసేపు ఫ్యాను కింద కూర్చోబెట్టాను.
పల్చటి టిష్యూ నుదుటికి అద్ది
వెలుతురుకి పట్టాను.
కాగితంలోంచి కిటికీ కనిపించింది,
కిటికీలోంచి టైర్ల కొట్టు బోర్డు
ఫోను నంబరుతో సహా.

"పిన్నీ, నీది జిడ్డు చర్మం.
సన్నగీతలు పొడి చర్మం వాళ్లకి.
నీకు గీస్తే మొదటి నెల ఫొటోలాగే ఉంటాయి.
ఆర్నెల్లకి
పకోడీ పొట్లం మీద రాసిన చిరునామా."

కాసేపు ఫోటోనే చూసింది.
"మాయమ్మ పచ్చబొట్టూ అంతే.
మోచేతి మీద మా అయ్య పేరు.
పోయేనాటికి నీలంగా అలికీసినట్టయింది,
మనిషి పేరో ఊరి పేరో ఎవులికీ తెలీదు."

అప్పుడు రెండోది చెప్పాను.
గీతలు కాదు, చుక్కలు.
మిషను సూదితో చుక్క మీద చుక్క,
లోతుగా కాదు, పైపైనే,
దీపం గూట్లో మసి పట్టినట్టు
నెమ్మదిగా నీడ.
"మసా!" అంది. "మసి గోక్కోడమే కదే నా బతుకు."
నా ఉపమానానికి నేనే నాలిక్కరుచుకున్నాను.

"ఎన్నాళ్లుంటాది?"
"ఏడాది. జిడ్డుకి ఇంకాస్త ముందే వెలుస్తుంది."
చేతులు చాపి చూపించింది, గోళ్ల చుట్టూ జీడి నలుపు.
"పని మానీసి నాలుగేళ్లయింది. ఇదేటి పోదు.
రేసను మిషను నా ఏలిని ఎరగదు.
ఊరికినే అంటింది ఉండిపోద్దట,
డబ్బులిచ్చి ఏయించుకున్నది ఎల్లిపోద్దటా?"

కింద ఎవరో ట్యూబులో గాలి వదిలారు.
నా దగ్గర జవాబు లేదు కనక
చెవి వెనక చిన్న రంగుచుక్క పెట్టాను.
"రెండ్రోజులు చూడాలి. దురదొచ్చినా, ఎర్రబడినా
దాచకుండా వచ్చి చూపించు."
ఇంకో మాట కూడా, డబ్బులు పోతే పోయాయని:
"కాలిన మచ్చ మీద రంగు ఎలా పడుతుందో
నాకు తెలీదు పిన్నీ.
మా కోర్సుకి మచ్చల్లేని మొహాలే వచ్చాయి."

"మరైతే ఇద్దరం చూద్దుం" అంది.

శుక్రవారం వచ్చింది. చెవి వెనక శుభ్రంగా ఉంది.
రంగుల అట్ట ముందు పెట్టాను.
నల్లది చూడనైనా చూడలేదు, చేత్తో నెట్టేసింది.
గోధుమరంగుల మీద
నల్లగోరు ఒక్కోదాని దగ్గరా ఆగుతూ నడిచింది.
"ఇదీ కాదు. ఇది పచ్చి.
ఇది ఒక్క నిమిసం ఎక్కువైపోయింది.
పప్పు మాడకముందు దింపుతాం సూడు,
ఆ రంగు."

అట్టలో ఆ రంగు లేదు.
రెండుసార్లు కలిపితే తలూపలేదు.
మూడోసారి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని
వాసన చూసింది.