మూడు వేళ్ళ వదులు

డెబ్బై నాలుగు మోడల్ ఫియట్.
కాగితాల్లో మీగడ రంగని ఉంది.
ఉప్పుగాలి ఇన్నేళ్ళు నాకేశాక
ఇప్పుడేం రంగో నేనూ చెప్పలేను.

స్టీరింగు మూడు వేళ్ళ మేర తిప్పినా
చక్రాలకు కబురందేది కాదు.
జగదాంబ దగ్గర చెబితే
డాబా గార్డెన్స్ దగ్గర వినేది.
మలుపొస్తే చాలు,
నిండు బిందె చంకనెత్తుకున్న మనిషిలా
ఒక పక్కకే ఒరిగిపోయేది.

ఇరవయ్యేళ్ళు అలాగే నడిపాను.
రాత్రి డ్యూటీ దిగి కేజీహెచ్ డౌన్‌లో వస్తూ
మలుపు కంటే ముందే తిప్పేదాన్ని.
అదే డ్రైవింగనుకున్నాను.

కంచరపాలెంలో దాలినాయుడు
బానెట్ ఎత్తనేలేదు.
ముందు బంపర్ మీద మోకాలు పెట్టి
ఒక్క నొక్కు నొక్కి వదిలాడు.
బండి లేచింది, దిగింది,
మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది,
ఎవరూ అడగని ప్రశ్నకు తలూపుతున్నట్టు.
"ఇది మెత్తదనం కాదమ్మా," అన్నాడు,
"అలుపు."

చక్రాలు ఊడదీస్తే
బుష్షుల రబ్బరు నమిలి ఉమ్మిన చెరుకుపిప్పి.
కింగ్‌పిన్నులు ఒక పక్కే అరిగిన గంధపుచెక్కలు.
షాక్ అబ్జార్బర్లలో నూనె లేదు, నూనె వాసనుంది.
వెనక కమాను పట్టీల సందుల్లో
ఏ ఆదివారానిదో భీమిలి ఇసుక.

కొత్త బుష్షులు ఎక్కడా దొరకవు.
గవరయ్య చేస్తాడు,
షిప్‌యార్డులో ముప్ఫయ్యొక్కేళ్ళు లేత్ ముందు నిలబడ్డవాడు.
ఏ ఓడకో కోయగా మిగిలిన నైలాన్ కడ్డీని
మంచం కింద దాచుకున్నాడు, ఎందుకో తనకే తెలీకుండా.
తెల్లటి పొట్టు సుడులు సుడులుగా పాదాల మీద రాలుతుంటే
కళ్ళజోడు పైనుంచి చూసి,
"ఓడ ఊగితే సముద్రాన్ని తిడతారు,
కారు ఊగితే డ్రైవర్ని" అన్నాడు.
డబ్బులు తీసుకోలేదు. టీ తాగాడు.

ముందు స్ప్రింగు సగం చుట్టు కోసి
బండిని కిందికి దించమన్నాను.
"అది కుర్రోళ్ళ పని, నాను సెయ్యను."
పట్టీలు విప్పి, తుప్పు గీకి,
గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్ళీ కట్ట కట్టాడు.
రెండు పక్కలనీ కలుపుతూ
పాతదానికంటే లావుపాటి కడ్డీ బిగించాడు.
ఒక చక్రం లేస్తే
రెండోది ఊరుకోకూడదట.

అలైన్‌మెంటుకి యంత్రం లేదు.
హార్బర్లో కొన్న గేలపు దారం
వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి కట్టి,
నేల మీద బోర్లా పడుకుని,
ఒక కన్ను మూసి,
"అగ్గిపుల్ల మందం లోనికి," అన్నాడు.
పుల్ల పెట్టి చూశాడు కూడా.

యారాడ కొండ మీదికి తీసుకెళ్ళాం.
మొదటి హెయిర్‌పిన్.
ఎప్పట్లాగే ముందే తిప్పేశాను.
బండి చెప్పగానే విన్నది.
కల్వర్టు గోడ అద్దంలోకి కాదు,
నా ఒళ్ళోకి వచ్చింది.

బ్రేకు. జీడిచెట్లలోంచి ఏదో పిట్ట లేచిపోయింది.
దాలినాయుడు డ్యాష్‌బోర్డు మీంచి చేతులు తీసి
నెమ్మదిగా అన్నాడు:
"బండికి రోగం కుదిరిపోనాది.
తవరి సెయ్యికే ఇంకా తగ్గనేదు."

రెండో మలుపులో ఆగాను, అంటే చేతుల్ని ఆపాను.
మలుపు వచ్చేదాకా
మలుపుని రానివ్వడం
ఎంత కష్టమో ఎవరికి చెప్పను?
ప్రతి గులకరాయీ అరచేతిలోకి వచ్చి
తన పేరు చెప్పి పోతోంది.
ఇన్నాళ్ళూ ఈ రోడ్డు మీద
ఇన్ని రాళ్ళున్నాయని తెలీదు నాకు.

పైన ఆపి దిగితే
లైట్‌హౌస్ అవతల లోపలికి రాలేని ఓడలు
వరసగా ఊగుతున్నాయి.
వెనక బంపర్‌కి విప్పడం మర్చిపోయిన
గేలపు దారం, మూర మీద బెత్తెడు,
కొండెక్కేదాకా మాతోనే వచ్చింది.
ఆయన కత్తి తీశాడు.
నేను, ఎందుకో,
చెయ్యి అడ్డం పెట్టాను.