పదకొండు పేజీల దయ్యాలు

లూనెన్‌బర్గ్ రేవు వీధిలో
పాత సామాన్ల కొట్టు ఎత్తేస్తుంటే
డాలరుకి రెండు పుస్తకాలన్నారు.
ఒకటి అల్లికలది. రెండోది ఇది:
ఎల్డన్ రాఫ్యూజ్ మొట్టమొదటి కథల సంపుటి.
అట్ట మీద హెర్రింగ్ పీపాలోంచి పైకి లేచిన చెయ్యి,
దానికి ఆరు వేళ్లు.
బొమ్మ గీసినవాడు లెక్క తప్పాడో,
కావాలనే గీశాడో.

ఇప్పుడతని నవలలు ఇటుకల్లా ఉంటాయి.
విమానాశ్రయాల్లో గోడ కట్టినట్టు పేర్చి అమ్ముతారు.
వాటిలో దయ్యాలకు కూడా తీరిక ఎక్కువ,
మూడు వందల పేజీలు నడిస్తే గాని గడప తొక్కవు.
ఇందులోవి అలా కాదు.
వస్తూనే గొంతు పట్టుకుంటాయి,
పదకొండో పేజీలో ఠక్కున వదిలేస్తాయి.
ఆ తెగిపోయే ముగింపుల్ని
ఎవరో పెద్దాయన ముందుమాటలో గొప్ప శిల్పం అన్నాడు.
నవ్వొచ్చింది.
శిల్పం కాదు నాయనా, సైరన్.
అరగంట భోజన విరామం.
చేపల ఫ్యాక్టరీలో నేనూ ఎల్డనూ ఒకే బల్లకి అటూ ఇటూ.
ఎడమ చేత్తో రొట్టె తింటూ
కుడి చేత్తో ప్యాకింగ్ చీటీల వెనక రాసేవాడు.
సైరన్ కూసేసరికి
బతికున్నవాళ్లు బతికినట్టు, మిగతావాళ్లు పోయినట్టు.

మూడో కథలో ఐసు మిషను మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది.
నిజమే, పిలిచేది. బేరింగు అరిగిపోయి.
ఐదో కథలో వేళ్ల సందుల్లో పొలుసులు మొలిచే ఆడమనిషి
నేనే అనుకుంటా.
చేతి తొడుగులు లేవని నేను ఫోర్‌మన్‌తో గొడవపడ్డ వారం అది.
ఏడో కథలో ఫోర్‌మన్‌ని ఏదో తినేస్తుంది.
ఏం తిన్నదో చెప్పలేదు.
మాకెవరికీ అడగాలనిపించనూ లేదు.

ఇన్నాళ్లూ ఇతన్ని భయాల వ్యాపారి అనుకున్నాను.
ఈ కథల్లో భయం అమ్మకానికి లేదు.
ఒంటికి పట్టిన నీచు వాసనలా ఉంది,
సబ్బుకి పోనిది.

వెనక అట్ట మీద ఫోటో.
ఇరవై ఆరేళ్ల ఎల్డన్, ఎముకల గూడు.
ఒంటి మీద మాత్రం మంచి ఉన్నికోటు, కాలరు పైకెత్తి.
ఆ కోటు మా తమ్ముడు ఓరిన్‌ది.
రెండో గుండీ నేనే కుట్టాను, వేరే రంగు దారంతో.
ఫోటోలో దారం రంగు తెలీదు గాని
గుండీ వంకర తెలుస్తుంది.
ఒక్క రోజుకని పట్టుకెళ్లాడు.
ఆ శనివారమే ఓరిన్
ఉత్త స్వెట్టరుతో పడవెక్కాడు.

చివరి కథ ఒక్కటే పదకొండు పేజీలు కాదు.
ఇరవై రెండు దాటినా సైరన్ వినపడదు.
ఒక కోటు, లోపల మనిషి లేకుండా,
రాత్రి మేకు మీంచి దిగి సముద్రంలోకి పోతుంది.
తెల్లారగట్ల ఒక్కతే తడిసి తిరిగొస్తుంది.
కొండ దారి పట్టి ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది,
చేతుల్లేని చేతులతో తలుపు తడుతుంది.
రెండో గుండీ వంకర.

పడవే మునిగితే కోటేం చేస్తుంది,
కోటున్నా పోయేవాడే అని
ఆ చలికాలమంతా ఊళ్లో అందరికీ చెప్పాను.
బల్లకి అటు కూర్చున్న ఎల్డన్‌కి మాత్రం
చెప్పలేదు.

పేజీ తిప్పితే ఏమీ లేదు.
జిగురెండి చివరి ఆకు ఎక్కడో రాలిపోయింది.
కోటు ఎవరింటి మెట్ల మీదో ఆగి ఉంది.

లేచాను.
తలుపు పక్క మేకుకి తగిలించిన కూరల సంచి
తీసి కుర్చీ మీద పెట్టాను.