ముప్పై టిక్కీలు

ఎనుమాముల యార్డుల జెండా పాట అయిపోయినంక
ప్రణీత్ అనే పిలగాడు డబ్బా దించిండు.
కాయను చూసి రంగు చెప్తదట, తాలు ఎంతున్నదో చెప్తదట,
రెప్పపాటుల.
"ఒక్క టిక్కి పెట్టి చూడండి మేడం, చాలు" అన్నడు.

అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తం.
మిర్చి అన్నం కాదు పిలగా.
టిక్కి మూతి దగ్గర తేజ తళతళలాడ్తది,
నడుమ నిరుటి కాయ నిద్రపోతుంటది,
అడుగున మంచు పడ్డ రాత్రి ఉంటది.
ముప్పై టిక్కీలు, ముప్పై దినాలు.
కొననీకి కాదు, కిరాయికి.

కరెంటు పెట్టకముందే
చిట్టా పుస్తకం ఎనుక అట్ట తిప్పి రాసిన:
ఎంత పోతే ఓర్సుకుంట? పద్దెనిమిది వేలు.
ఎప్పుడు వాపస్ పంపుత? మూడింట్ల ఒకటి తప్పితే.
ఎవరి మాట మీద?
అక్కడ పెన్ను ఆగింది.
మా మామ ఉంటే తన పేరే రాసుకునేటోడు.
నేను ఆ గీత ఖాళీగ ఇడిచిపెట్టిన.

కొమురమ్మ ఇరవై రెండేండ్ల సంది ఏరుతున్నది.
కాయను చెవి దగ్గర ఆడిస్తది.
గింజ గలగలమంటే ఎండినట్టు,
గమ్మున ఉంటే గోదాముకు పనికిరానట్టు.
తొడిమె విరిచి వాసన చూస్తది.
"దీనికి ముక్కున్నదా?" అన్నది డబ్బాను చూసి.
లేదన్న.
"తుమ్మనోడు మిర్చి యాపారం ఏం చేస్తడు?"

హమాలీ సారయ్య రైతుల పేర్ల మీద సున్నం పూసి
అంకెలు ఏసిండు.
డబ్బా చెప్పింది కొమురమ్మకు తెల్వదు,
కొమురమ్మ చెప్పింది నాకు తెల్వదు,
నేను చెప్పింది చీటీల రాసి బీరువల ఏసి
తాళంచెవి సారయ్యకిచ్చిన.

ఎనిమిదో దినం రేకుల సందుల నుంచి ఎండ పడి
డబ్బా తాలును గూడ ఎరుపే అన్నది.
పదకొండో టిక్కి నీళ్లు జల్లిన కాయ.
డబ్బా మొదటి రకమని ముద్రేసింది.
కొమురమ్మ పిడికిట పట్టి
"ఇది ఏడ్చిన కాయ" అని ఇసిరేసింది.
రెండు దినాలు కరెంటే లేదు, అవి గూడ రాసిన.
సాయంత్రం ఐదు దాటినంక మాత్రం
కొమురమ్మ లెక్క జారుడు మొదలైంది.
కండ్లు మంటలంట.
ఇరవై రెండేండ్లల నేను ఒక్కనాడు అడగలే.

గిర్నీల పట్టించి పొడి రంగు తేలినంక
చీటీలు ఇప్పినం.
ముప్పైల డబ్బా ఎనిమిది తప్పింది, కొమురమ్మ ఐదు.
ప్రణీత్ మొకం సగం ఎలిగింది.
అప్పుడు సారయ్య రుమాలు దులిపి
ఇంకో ఐదు చీటీలు తీసిండు, నా చేతి రాతే.
ఆఖరి వారం, నాకు చెప్పకుండ,
పాత టిక్కీలే ఐదు, పేర్లు రాసి మల్లొక్కసారి తెచ్చిండట.

పేరు లేనప్పుడు ఆ కాయకు మొదటి రకం రాసిన.
బానోతు హర్జ్యా, తండా అని సూడంగనే
అదే కాయకు, అదే చేతితోని, రెండో రకం.
క్వింటాలుకు ఆరువందల తేడా.
మూడు పంటల సంది ఆయన మాకే అమ్ముతున్నడు.

ఎవలం మాట్లాడలే.
కాంటా మీద ఈగ వాలి లేచింది.
కొమురమ్మే అన్నది:
"దానికి నేర్పిన దినాలకు నా కూలి రాసినవా?"

రాసిన.
హర్జ్యా బాకీ గూడ రాసిన, నేనే ఇచ్చేది.
డబ్బా ఇంకో నెల ఉంటది, కిరాయికే,
ఐదు గంటలు దాటినంకనే తిరుగుతది.
ఖాళీ గీత మీద సారయ్య పేరు పెడితే
"నాకెందుకమ్మా" అని ఇంకో టిక్కి ఎత్తుకున్నడు.

పొద్దుగూకె ముందు
దుమ్ము పట్టిన డబ్బా కన్నును
కొమురమ్మ కొంగుతోని తుడిచింది.
తుడవకుండ నేను రాసిన దినాలు
ఎన్నో,
ఏ పుస్తకంల లేవు.