నలభై ఒకటో అచ్చు

నవంబరు వాన. నుంగంబాక్కంలో
ఓడెక్కి వచ్చిన పదకొండు చెక్కపెట్టెలు.
మూతలు ఊడదీసింది నేనూ దేవసహాయమూ.
లోపల అరవై రెండు అమెరికా అచ్చులు,
ఒక్కోదానికీ పల్చని కాగితపు దుప్పటి.

ఎనిమిది వందల్లోంచి ఏరారట వీటిని,
ముగ్గురు కూర్చుని, రెండు రోజులు.
గ్యాలరీ నడిపే నప్పిన్నై గారు చెప్పింది,
ఏదో పెళ్లిచూపుల సంగతి చెప్పినట్టు.
మిగిలినవి ఏమయ్యాయమ్మా అంటే
నవ్వింది. ఆ మాట కేటలాగులో లేదు.
మా ప్రెస్సులో చెడిపోయిన షీట్లు
సాయంత్రానికల్లా మెరీనా చేరేవి,
వేడి పల్లీలు నింపుకుని.
సగం పెళ్లికూతురి పేరు, సగం ముహూర్తం,
నమిలే నోళ్ల ముందు.

చూళైలో ముప్పై ఒక్క ఏళ్లు కంపోజిటర్ని.
సీసం తూకానికి అమ్మేశాక
మేకులు కొట్టడం నేర్చుకున్నాను.
ఈ ఊళ్లో వీధికో తెలుగు ప్రెస్సుండేదంటే
ఆటోవాడు అద్దంలోంచి నా మొహం చూస్తాడు.

చెక్క అచ్చు, రాగిరేకు అచ్చు, రాతి అచ్చు.
ఒకదాంట్లో గోధుమచేను, కంకి కంకికీ ఒక గాటు.
ఇంకోదాంట్లో కుళాయి, ఒక నీటిబొట్టు, అంతే.
కింద పెన్సిలుతో 7/20, 3/15.
ఇరవై తీశాక పలకని గీకేస్తారట,
మళ్లీ ఎవరూ ఒత్తకుండా.
వినగానే నా బొటనవేలు ఎందుకో ముడుచుకుంది.
మేం ఐదువందలు కొట్టి, చాలక ఇంకో యాభై కొట్టి,
ఏ ఒక్కదానికీ నంబరు వెయ్యలేదు.

కాగితాలు మన గాలి తాగాయి.
రెండో రోజుకే అంచులు ఉబ్బి అలలు తేలాయి.
నప్పిన్నై గారు ఫోన్ల మీద ఫోన్లు,
తేమ పీల్చే మిషను తెప్పించింది.
నేనేమీ అనలేదు. సముద్రం పక్కన
కాగితం ఎన్నాళ్లు బిగుసుకుని ఉంటుంది?

నలభై ఒకటోది లినోలియం మీద చెక్కింది.
నెబ్రాస్కా నుంచి, హేజెల్ అట, ఆడమనిషి.
ఖాళీ బల్ల, గాజు కిటికీ,
కిటికీ మీద రాత మొత్తం తిరగబడి ఉంది.
"పాపం, తిప్పి చెక్కడం మరిచిపోయింది" అన్నాడు దేవసహాయం.
కేటలాగులో మాత్రం ఒక పేరా,
భాష మీద అవిశ్వాసం అని ఏదో.

ఫ్రేముని బల్ల మీద తలకిందులు చేశాను.
"అన్నా, అన్నా, పైవైపు ఇటు!"
ఉండరా. సీసాన్ని మేం చదివేది ఇలాగే,
అక్షరం కాళ్లు పైకి, ఎడమ నుంచి కుడికి.
ఇంగ్లీషు బోలెడు కూర్చాను కానీ చదవలేదు.
అక్షరాలు తెలుసు, కలిసి ఏమంటాయో తెలీదు.
ఒక్కొక్కటే చెప్పాను: బి, ఆర్, ఇ, ఏ, డి.
వాడు పెట్టె మూత మీద సుద్దతో రాసుకున్నాడు.
పావుగంటకి తేలింది:
రొట్టెలు అయిపోయాయి. రేపు రండి.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
ఆమె ఏమీ మరిచిపోలేదు.
గాజు మీది రాత వీధిలోవాళ్ల కోసం.
ఆమె కొట్టు లోపల కూర్చుంది,
ఏ ఏడేళ్లప్పుడో, బల్లకి గడ్డం ఆనించి,
వచ్చినవాళ్లు చదివి వెనక్కి తిరగడం చూస్తూ.
నేనూ ముప్పై ఒక్క ఏళ్లు
అక్షరాలకి అటువైపే నిలబడ్డాను,
అది కొట్టు లోపల అని తెలియలేదు.

ప్రారంభం రోజు నారబట్టల పెద్దమనిషి ఒకాయన
మెడ వంచి, సరిచేసుకుని, మళ్లీ వంచి,
"తిరగేసి తగిలించారా?" అన్నాడు.
"సరిగ్గానే ఉంది సార్. మీరే బల్ల ఇవతలికి రావాలి."
తెలుగులోనే అన్నాను.
ఆయన తలాడించి నలభై రెండుకి పోయాడు.

దాని కుడి మూల ఇంకా కాస్త ఉబ్బే ఉంది.
మిషను అటు తిప్పమన్నారు.
నేను తిప్పలేదు.